సీఆర్‌టీ (పాత ట్యూబ్) మానిటర్ ఉంచుకోవాలా, పాత డబ్బా టీవీనా? ఎల్ఈడీలో గన్ గేమ్ ఆడలేకపోతున్నా

నయీంనగర్_నైంటీస్:

అన్నలూ, ఒక సలహా కావాలి. విషయం చిన్నదే, కానీ మా ఇంట్లో వారం నుంచి దీని మీదే లొల్లి.

దసరాకి ఇల్లు దులుపుతుంటే సజ్జ మీద అట్టపెట్టెలో నా చిన్నప్పటి వీడియో గేమ్ దొరికింది. ఆరో తరగతిలో మా నాన్న వరంగల్ చౌరస్తాలో కొనిచ్చాడు. ఒరిజినల్ కాదులెండి, అప్పట్లో అందరిళ్లలో ఉన్న కాపీ డబ్బానే. క్యాసెట్ మీద 9999 ఆటలని ఉంటుంది, లెక్కపెడితే పాతికో ముప్పయ్యో తేలతాయి, మిగతావన్నీ అవే ఆటలు పేరు మార్చుకుని మళ్లీ వస్తుంటాయి. రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక నారింజ రంగు గన్. హాల్లో ఉన్న 43 అంగుళాల ఎల్ఈడీకి పసుపు, తెల్ల వైర్లు పెట్టా. బొమ్మ వచ్చింది. అక్కడిదాకా బాగానే ఉంది.

మారియో ఆడదామని కూర్చుంటే గుంత దగ్గర ప్రతిసారీ పడిపోతున్నాడు. నేను బటన్ నొక్కేది ఒకప్పుడు, వాడు ఎగిరేది ఒకప్పుడు. మొదట నా చేతులకే వయసైపోయిందనుకున్నా. మా పాపకి తొమ్మిదేళ్లు, తనకిచ్చినా అదే వరుస. ఇక బాతుల ఆట పెడితే గన్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే, టీవీకి ఆనించి కాల్చినా ఒక్క బాతు పడలేదు, పైగా ఆ కుక్క గడ్డిలోంచి లేచి నవ్వుతుంటే మా పాప దానితో కలిసి నన్ను చూసి నవ్వుతోంది.

పాత టీవీలోనే ఇవి సరిగ్గా ఆడతాయని ఎక్కడో చదివా. ఇప్పుడు నాకు రెండు దారులున్నాయి. మా బావమరిది యూనివర్సిటీ దగ్గర నెట్ సెంటర్ ఎత్తేస్తూ 17 అంగుళాల సీఆర్‌టీ మానిటర్ ఒకటి నాకిచ్చాడు, మూలన గోనెసంచి కప్పుకుని ఉండేది, పెట్టి చూస్తే అద్దంలా ఉంది బొమ్మ. రెండోది పరకాలలో మా మేనత్త ఇంట్లో 21 అంగుళాల టీవీ, వెనకాల పసుపు, తెల్ల పిన్నులున్నాయి. మా ఆవిడ ఒక్కదానికే పర్మిషన్ ఇచ్చింది, రెండోది ఇంట్లోకి వస్తే తను పుట్టింటికి వెళ్తానంది (పుట్టిల్లు కూడా హన్మకొండలోనే, ఆటోలో పది నిమిషాలు, అయినా రిస్క్ ఎందుకు).

మానిటర్లో క్లారిటీ ఎక్కువ కదా, అదే ఉంచుకుని ఏవీ (ఆ పసుపు, తెల్ల వైర్లు) నుంచి వీజీఏకి (మానిటర్ వైరు) మార్చే కన్వర్టర్ కొంటే సరిపోతుందా? గన్ పనిచేస్తుందా? టీవీకి రెండు రోగాలున్నాయి. పై మూల ఊదా రంగు మచ్చ ఒకటి. ఆన్ చేస్తే బొమ్మ రావడానికి అర నిమిషం పైనే పడుతుంది, వచ్చాక కూడా కాసేపు మసకగా ఉంటుంది. అది బాగుచేయించుకునే రకమా, పారేసే రకమా?

కాజీపేట_జంక్షన్:

ఆ కన్వర్టర్ కొనకండి. ముందు ఆ మాట చెప్పేసి, ఎందుకో తర్వాత చెప్తా.

పాత టీవీకీ, పాత మానిటర్‌కీ వెనకాల బుర్ర ఒకేలా ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. ట్యూబ్ పని ఒకటే, వేగం వేరు. మన పాల్ టీవీలో (పాల్ అంటే మన దగ్గర వాడిన టీవీ పద్ధతి) ఎలక్ట్రాన్ల కిరణం సెకనుకి 15,625 గీతలు గీస్తుంది. వీజీఏ మానిటర్ దాదాపు 31,500 దగ్గర మొదలవుతుంది, అంటే రెట్టింపు, దానికన్నా కిందకి రమ్మంటే రాదు. మీ గేమ్ డబ్బా పంపేది టీవీ వేగంలో. అందుకని మధ్యలో కన్వర్టర్ పెడతారు. అదేం చేస్తుందంటే వచ్చిన బొమ్మని తన మెమరీలో పెట్టుకుని, గీతలు పెంచి, ఆ తర్వాత మానిటర్‌కి వదులుతుంది. ఆ పెట్టుకుని వదలడంలోనే ఆలస్యం వస్తుంది. మీ ఎల్ఈడీ టీవీ లోపల చేస్తున్నదీ సరిగ్గా ఇదే, మారియో గుంతలో పడేది అందుకే, మీ చేతులు బాగానే ఉన్నాయి. టీవీ మెనూలో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేసి చూడండి, ఎగురుడు కొంత నయమవుతుంది. గన్ మాత్రం నయం కాదు.

గన్ సంగతి సరదాగా ఉంటుంది. అందులోంచి ఏమీ బయటికి రాదు, అది కన్ను. గొట్టం చివర చిన్న లెన్సు, దాని వెనక వెలుగు పసిగట్టే ముక్క ఉంటాయి. మీరు ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెర మొత్తాన్ని ఒక్క క్షణం నల్లగా చేస్తుంది, వెంటనే తర్వాతి ఫ్రేములో, అంటే తెర మీద పడే తర్వాతి బొమ్మలో, బాతు ఉన్న చోట తెల్ల డబ్బా గీస్తుంది. గన్‌కి ముందు చీకటి, ఆ వెంటనే వెలుగు కనపడితే బాతు పడినట్టు. రెండు బాతులుంటే ఒకదాని తర్వాత ఒకటి గీస్తుంది, ఏ ఫ్రేములో వెలుగు తగిలిందో దాన్నిబట్టి ఏ బాతో తెలుస్తుంది. చిన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కినప్పుడు తెర టక్కున మెరిసేది గుర్తుందా, అదే ఇది. పాల్‌లో ఒక ఫ్రేము 20 మిల్లీసెకన్లు. ఎల్ఈడీ టీవీ ఆ తెల్ల డబ్బాని నాలుగైదు ఫ్రేములు ఆలస్యంగా చూపిస్తే అప్పటికే ఆట "తగల్లేదు" అని రాసేసుకుంటుంది, కుక్క లేస్తుంది.

పైగా మీ డబ్బా ఎవరిదైతే కాపీయో ఆ నింటెండో కంపెనీ అసలు జాపర్ గన్‌లో ఇంకో తెలివి ఉంది. బల్బు వైపు పెట్టి కాల్చి మోసం చేయకుండా, దాని సర్క్యూటుని దాదాపు 15 కిలోహెర్ట్జ్‌కి ట్యూన్ చేశారు, అంటే టీవీ గీతలు పడే వేగానికి. ఆ లయలో మిణుకుమనే వెలుగునే అది నమ్ముతుంది. అందుకే మానిటర్ సీఆర్‌టీయే అయినా అందులో 31 కిలోహెర్ట్జ్ లయ కాబట్టి గన్‌కి అది పరాయి వెలుగే. కన్వర్టర్ ఆలస్యం దానికి అదనం.

కాబట్టి మీ డబ్బాకి టీవీయే. మానిటర్లో క్లారిటీ ఎక్కువ అన్నది నిజమే, కానీ ఈ ఆటలకి ఆ క్లారిటీ అక్కర్లేదు. వాటి బొమ్మ అడ్డం 256, నిలువు 240 చుక్కలు. టీవీలో ఆ చుక్కలు కొంచెం ఒకదాంట్లోకి ఒకటి కరుగుతాయి, గీతకీ గీతకీ మధ్య సన్నని చీకటి ఉంటుంది. ఆ ఆటలు గీసినవాళ్లు దాన్ని లెక్కలో పెట్టుకునే గీశారు. సెగా మెగాడ్రైవ్‌లో సోనిక్ ఆట చూడండి, జలపాతం నిలువు గీతలుగా గీసి ఉంటుంది, పసుపు వైరు మీద టీవీకి పోతే ఆ గీతలు కలిసిపోయి వెనక ఉన్నది కనపడే నీళ్లలా అవుతుంది. షార్ప్ తెర మీద దువ్వెనలా ఉంటుంది.

ఇంకో ముక్క, మీ ప్రశ్నకి సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఈ కాపీ డబ్బాలు చాలావరకు మన పాల్ టీవీల కోసం 50 హెర్ట్జ్‌లో నడుస్తాయి, ఆటలేమో జపాన్, అమెరికాల కోసం 60లో రాసినవి. అంటే మనం ఆడింది ఆరింట ఒక వంతు నెమ్మదిగా. మారియో పాట అసలు వేగంలో మొదటిసారి విన్నప్పుడు ఎవరో తరుముతున్నట్టు అనిపించింది నాకు.

ఎల్ఓటీ_మామ:

తమ్మీ, నేను పాతికేళ్లు టీవీలు బాగుచేశాను. ఇప్పుడు ఎల్ఈడీ ప్యానెళ్లు చూస్తున్నా, అందులో బాగుచేసేదేముంది, మార్చేదే. నీ టీవీ రోగాల గురించి చెప్తా.

ఊదా మచ్చ పెద్ద విషయం కాదు. మీ మేనత్త వాళ్లు టీవీ పక్కన స్పీకర్ బాక్సు పెట్టి ఉంటారు, అడిగి చూడు. ట్యూబు ముందు అద్దానికి లోపల సన్నని చిల్లుల రేకు ఉంటుంది, ఎర్ర కిరణం ఎర్ర చుక్క మీదే పడేలా చూసేది అదే. ఆ రేకుకి అయస్కాంతం పట్టిందంటే కిరణం పక్క చుక్క మీద పడుతుంది, రంగు మారుతుంది. నర్సంపేట దగ్గర ఊరి నుంచి ఒకాయన ప్రతి నెలా టీవీ మోసుకొచ్చేవాడు రంగు పోయిందని, నా దగ్గర పెట్టి రెండుసార్లు ఆన్ చేస్తే బాగయ్యేది, ఇంటికి పోతే మళ్లీ మచ్చ. చివరికి నేనే వాళ్లింటికి పోయి చూశాను. కుండకి బోర్లించిన పెద్ద స్పీకర్, టీవీ మీదనే పెట్టుకున్నారు! బాస్ బాగా వస్తుందట.

నువ్వు చేయాల్సింది ఏంటంటే, స్పీకర్లు దూరం పెట్టి, టీవీని మెయిన్ స్విచ్ దగ్గర ఆపేసి అరగంట చల్లారనివ్వు. రిమోట్‌తో ఆపితే లెక్కలోకి రాదు. మళ్లీ ఆన్ చేసినప్పుడు ట్యూబు చుట్టూ ఉన్న డీగాస్ కాయిల్ ఒక్కసారి పనిచేసి ఆ అయస్కాంతాన్ని కొంత దులుపుతుంది. అరగంట ఎందుకంటే ఆ కాయిల్‌కి కరెంటు వదిలే ముక్క వేడిగా ఉంటే వదలదు. ఇలా నాలుగైదుసార్లు చెయ్యి. కంప్యూటర్ మానిటర్‌కైతే మెనూలో బటనే ఉంటుంది, నొక్కితే ధన్ అని శబ్దం వచ్చి బొమ్మ వణుకుతుంది చూశావా, అదే.

మసకగా రావడం మాత్రం ట్యూబు ముసలిదైందని. కొంచెం సేపటికి తేరుకుంటోంది అంటున్నావు కాబట్టి ఇంకా కొన్నేళ్లు లాగిస్తుంది. కొత్త ట్యూబు వేయించుకునే రోజులు పోయాయి, ఉన్నదాన్ని కాపాడుకోవడమే.

ఎవరైనా పాత టీవీ కొనేవాళ్లు కూడా ఇది చదవండి. అమ్మేవాడు ముందే ఆన్ చేసి వేడెక్కించి చూపిస్తాడు, మీరు ఆపించి, చల్లారాక మళ్లీ పెట్టించి చూడండి. ఇంకో కిటుకు, వెనకాల ఎల్ఓటీ (ట్యూబుకి హై వోల్టేజ్ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) మీద రెండు తిప్పుళ్లుంటాయి, ఒకటి ఫోకస్, ఒకటి స్క్రీన్. ట్యూబు వీక్ అయిన సెట్టుకి స్క్రీన్ పెంచేసి వెలుగు వచ్చినట్టు చూపిస్తారు. నల్లటి సీన్ వచ్చినప్పుడు చూడు, నలుపు నల్లగా లేకుండా బూడిద రంగులో ఉండి, దాని మీద ఏటవాలుగా సన్నని తెల్ల గీతలు కనపడితే అది పెంచిన సెట్టు. తీసుకోకు. మధ్యలో అడ్డంగా ఒకే గీత వస్తే భయపడకు, అది వర్టికల్ ఐసీ దగ్గర పని, ట్యూబు బాగానే ఉండొచ్చు, అలాంటిది బేరమాడి తీసుకో.

ఇక ముఖ్యమైంది. మూత విప్పకు. యూట్యూబ్‌లో చూసి స్క్రూడ్రైవర్ పట్టుకునే పిల్లలు ఎక్కువయ్యారు. కలర్ ట్యూబు మీద ఆ రబ్బరు కప్పు కింద 20, 25 వేల వోల్టులుంటాయి, ప్లగ్ పీకాక కూడా కొన్ని ట్యూబుల్లో ఆ చార్జి అలాగే నిలబడి ఉంటుంది. నాకు ఒకసారి తగిలింది. దెబ్బ కన్నా చెయ్యి విదిలించిన ఊపుకి వెనక రేకుకి తగిలి మోచెయ్యి చీరుకుపోయింది, గుర్తు ఇంకా ఉంది. నీకు లోపల దుమ్ము దులపాలంటే ఎవరైనా పాత మెకానిక్ ఇంకా ఉన్నాడేమో వెతికి పట్టుకో, మీ వరంగల్లో ఉంటారు.

మోసేటప్పుడు అద్దం నీ పొట్ట వైపు ఉండాలి. బరువంతా ముందే ఉంటుంది. వెనక ట్యూబు మెడకి ఏదీ తగలొద్దు, ఆ మెడ విరిగిందంటే గాలి లోపలికి పోయి ట్యూబు చచ్చినట్టే.

జనగామ_టు_గచ్చిబౌలి:

పెద్దవాళ్ల మధ్య మాట్లాడుతున్నానని ఏమీ అనుకోవద్దు, కానీ ఇంత కష్టం ఎందుకు? నేను ల్యాప్‌టాప్‌లో పాత ఆటలు నడిపే రెట్రోఆర్క్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, బొమ్మని పాత టీవీలా చూపించే సీఆర్‌టీ రాయల్ షేడర్ పెట్టుకున్నా. గీతలు, ఆ చుక్కల మెరుపు, అంచులు వంగడం, అన్నీ వస్తాయి. 4కే తెర మీద చూస్తే ఫొటోలో నిజం టీవీకీ దీనికీ తేడా చెప్పలేరు. ఆలస్యానికి రన్‌అహెడ్ అని ఆప్షన్ ఉంది, ఆట తాలూకు ఒకటి రెండు ఫ్రేముల ఆలస్యాన్ని ముందే లెక్కకట్టి తగ్గించేస్తుంది. 25 కిలోల డబ్బాని పరకాల నుంచి మోసుకొచ్చి, ఇంట్లో గొడవ పెట్టుకుని, 70, 80 వాట్ల కరెంటు కాల్చి, చివరికి చూసేది అదే మారియో కదా. గన్ కావాలంటే కెమెరాతో పనిచేసే సిండెన్ గన్ ఉంది, ఎల్ఈడీలోనూ ఆడుతుంది, తెర చుట్టూ తెల్ల అంచు గీసి దాన్ని చూసి గురి లెక్కకడుతుంది. ఖరీదు ఎక్కువే, ఒప్పుకుంటా.

కాజీపేట_జంక్షన్:

ఫొటోలో తేడా తెలీదన్నది కరెక్టే తమ్ముడూ, ఫొటో కదలదు కాబట్టి. నీ ల్యాప్‌టాప్‌లో సోనిక్‌ని పరిగెత్తించి వెనకాల చెట్ల ఆకులు చూడు. మామూలు ఎల్‌సీడీ ఒక ఫ్రేముని తర్వాతి ఫ్రేము వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉంటుంది, మన కన్ను ముందుకి జరుగుతూ ఉంటుంది కాబట్టి అలికినట్టు కనపడుతుంది. ట్యూబులో చుక్క అలా వెలిగి ఇలా ఆరిపోతుంది, అలుకుడు ఉండదు. షేడర్ గీతల్ని గీయగలదు గానీ 60 హెర్ట్జ్ ప్యానెల్‌తో ఇది చేయించలేదు. అయితే నువ్వు చెప్పిన దాంట్లో నిజం ఉంది, ఇంట్లో చోటు లేనివాళ్లు, టీవీ దొరకనివాళ్లు షేడర్‌తో హాయిగా ఆడుకోవచ్చు, నేనూ ఆఫీసు ట్రిప్పుల్లో అదే చేస్తా. ఈయనకి టీవీ ఊరికే దొరుకుతోంది, గన్ చేతిలో ఉంది. అలాంటప్పుడు సిండెన్ ఎందుకు?

గోదావరిఖని_800బై600:

అందరూ మానిటర్‌ని పక్కకి తోసేస్తున్నారు, నాకు నచ్చలేదు. అన్నా, ఆ మానిటర్ పారేయకు, దాని ఆటలు వేరే ఉన్నాయి.

డాస్ ఆటలు గుర్తున్నాయా, స్కూల్ కంప్యూటర్ ల్యాబులో ప్రిన్స్, డేవ్. వీజీఏ ఆటల్లో చాలావాటి బొమ్మ 320 బై 200. దాన్ని వీజీఏ కార్డు ప్రతి గీతని రెండుసార్లు గీసి 400 గీతలు చేసి, సెకనుకి 70 ఫ్రేములతో మానిటర్‌కి పంపేది. అది 31 కిలోహెర్ట్జ్, అంటే ఈ మానిటర్ సొంత భాష. ఎల్ఈడీలో పెడితే 70ని 60లోకి కుక్కాలి, అక్కడ నడక తేడా వస్తుంది. పైగా ఆ 320 బై 200 బొమ్మ 4:3 తెర నిండా పరుచుకోవాలి, చుక్కలు చతురస్రం కాదు, కొంచెం నిలువుగా ఉంటాయి. డూమ్‌ని ఇప్పటి మానిటర్లో లెక్క చూసుకోకుండా పెడితే రాక్షసులందరూ పొట్టిగా కనపడేది అందుకే.

ఇంకొకటి, ట్యూబుకి సొంత రిజల్యూషన్ అంటూ ఉండదు. 640 అంటే 640, 800 అంటే 800, ఏది పెట్టినా బొమ్మ చెదరదు. మా సింగరేణి క్వార్టర్ల దగ్గర నెట్ సెంటర్లో కౌంటర్‌స్ట్రైక్ 1.6 ఆడేటప్పుడు నాకు 800 బై 600 కంప్యూటరే కావాలి, దాంట్లోనే 100 హెర్ట్జ్ వచ్చేది. మిగతా వాటిల్లో ఎవరూ పట్టించుకోక విండోస్ 60లో వదిలేసేవాళ్లు, గంట ఆడితే కళ్లు మండేవి. మీ మానిటర్ కూడా 60లో ఉంటే 85కి మార్చుకోండి, తెర మిణుకుమనడం ఆగిపోతుంది.

ఇప్పటి ల్యాప్‌టాప్ నుంచి పెట్టాలంటే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న అడాప్టర్ చాలు. ఇది పైన చెప్పిన కన్వర్టర్ లాంటిది కాదు, బొమ్మని దాచుకోదు, డిజిటల్‌ని అనలాగ్ చేసి వదిలేస్తుంది, ఆలస్యం ఉండదు. డెస్క్‌టాప్ ఉంటే పాత గ్రాఫిక్స్ కార్డు ఇంకా మంచిది. ఎన్విడియాలో జీటీఎక్స్ 900 సిరీస్ వరకు అనలాగ్ అవుట్ ఉంది, 2016లో వచ్చిన 1080 నుంచి తీసేశారు.

మారియో కూడా దీంట్లోనే ఆడాలనుకుంటే ఒక కిటుకు ఉంది. 240 గీతల బొమ్మని 60 హెర్ట్జ్‌లో పంపితే మానిటర్ తీసుకోదు, అదే 120 హెర్ట్జ్‌లో పంపితే వేగం 31 కిలోహెర్ట్జ్ దాటుతుంది, మానిటర్ ఒప్పుకుంటుంది. ఒకే ఫ్రేము రెండుసార్లు వస్తుంది కాబట్టి నీడ పడినట్టు ఉంటుంది, రెట్రోఆర్క్‌లో మధ్యలో నల్ల ఫ్రేము పెట్టే ఆప్షన్ ఆన్ చేస్తే ఆ నీడ పోతుంది. వెలుగు సగం తగ్గుతుంది, గదిలో లైటు ఆపుకుని ఆడాలి. గన్ పనిచేయదు, అది ముందే చెప్పారు.

రామప్ప_పిక్సెల్:

మధ్యలో దూరుతున్నా. నా దగ్గర వీడియో గేమ్ లేదు, రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంది. దాన్ని మా ఇంటి 21 అంగుళాల టీవీకి పసుపు వైరుతో పెట్టా, బొమ్మకి బదులు జుయ్‌మని సౌండ్, తెర మీద ఏవో గీతలు. బోర్డు పోయిందా?

కాజీపేట_జంక్షన్:

బోర్డు పోలేదు, వైరు తేడా. రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద ఉన్న 3.5 మిల్లీమీటర్ల జాక్‌లో నాలుగు పట్టీలుంటాయి, కొస నుంచి ఎడమ సౌండ్, కుడి సౌండ్, గ్రౌండ్, చివరికి వీడియో. పాత హ్యాండీకామ్ వైర్లు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండి గ్రౌండ్ ఇంకో చోట ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి మూడు ప్లగ్గుల బయటి రింగు జాక్‌లో ఏ పట్టీకి కలుస్తోందో చూడు, కొస నుంచి మూడో పట్టీ కావాలి. వైరు సరైంది దొరికాక కాన్ఫిగ్ ఫైల్‌లో ఎస్‌డీటీవీ మోడ్ 2 అంటే మామూలు పాల్, 18 అంటే ఇంటర్‌లేస్ (గీతల్ని ఒకటి విడిచి ఒకటి గీయడం) లేని పాల్. పాత ఆటలకి 18 పెట్టుకో, గీతలు ఊగకుండా నిలబడతాయి. బొమ్మ వచ్చి రంగు రాకపోతే మోడ్ ఎన్‌టీఎస్‌సీలో (అమెరికా, జపాన్‌ల టీవీ పద్ధతి) ఉందన్నమాట, మన పాత సెట్లు కొన్ని దాన్ని నలుపు తెలుపులోనే చూపిస్తాయి.

నయీంనగర్_నైంటీస్:

అప్‌డేట్. ఆదివారం పరకాల వెళ్లి టీవీ తెచ్చేశా. ఆటోలో వెనక సీట్లో దుప్పటి మీద కూర్చోబెట్టి, అద్దం నా వైపు తిప్పుకుని, దారంతా కావలించుకుని కూర్చున్నా. డ్రైవర్ రెండుసార్లు అద్దంలోంచి చూసి "టీవీ బాగుచేయించడానికా అన్నా" అన్నాడు, వీడియో గేమ్ ఆడటానికని చెప్పలేక అవునన్నా. మామా, మీరు చెప్పింది అక్షరాలా నిజం, మేనత్త వాళ్ల టీవీ స్టాండులో పక్కనే హోమ్ థియేటర్ స్పీకర్ ఉండేదట. మెయిన్ ఆపి, చల్లార్చి, నాలుగోసారికి మచ్చ దాదాపు పోయింది, ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ కనపడదు.

మారియో మొదటి గుంత మొదటిసారే దూకేశాడు. అంతే, చేతులకి అన్నీ గుర్తొచ్చాయి, పైపులో దూరే చోటు, ఇటుక వెనక దాగిన ప్రాణం, అన్నీ. కానీ గన్ ఇంకా సతాయిస్తోంది. అడుగు దూరం నుంచి కాలిస్తే బాతు పడుతోంది, మంచం మీద కూర్చుని కాలిస్తే పడట్లేదు. ట్యూబు వీక్ కాబట్టేనా?

ఎల్ఓటీ_మామ:

అవును, అది ఎదురుచూసేది వెలుగు కోసమే కదా. గది కిటికీ మూసి, టీవీ మెనూలో కాంట్రాస్ట్ నిండా పెట్టు, బ్రైట్‌నెస్ కొంచెం పెంచు, మరీ పెంచితే నలుపు కూడా వెలిగి గన్‌కి తికమక అవుతుంది. గన్ లెన్సు మీద ఇరవై ఏళ్ల దుమ్ము ఉంటుంది, బడ్స్ పుల్లతో తుడువు. ఆడటం అయ్యాక కాంట్రాస్ట్ మళ్లీ తగ్గించు, ఆ ముసలి ట్యూబుని రోజంతా పరిగెత్తించకు. ఆట ఆపి అన్నానికి పోయేటప్పుడు టీవీ కూడా ఆపెయ్యి, ఒకప్పుడు రైల్వే స్టేషన్లలో రైళ్ల టైములు చూపించే టీవీలు చూశావు కదా, ఆపినా అక్షరాలు అద్దం మీద అచ్చుపడి ఉండేవి. నీ మారియో స్కోరు కూడా అట్లనే పడుతుంది.

నయీంనగర్_నైంటీస్:

లెన్సు తుడిచేసరికి బడ్స్ నల్లగా వచ్చింది మామా. ఇప్పుడు మంచం మీద నుంచి కూడా పడుతున్నాయి. మా పాప ఎనిమిదో రౌండ్ దాకా వెళ్లింది, నేను ఐదు.

మానిటర్ మాత్రం ఎవరికివ్వాలి? పాత సామాన్ల వాళ్లకి ఇచ్చేయమంటోంది మా ఆవిడ.

ఎల్ఓటీ_మామ:

వాళ్లకి వద్దు. యోక్‌లో (ట్యూబు మెడ చుట్టూ ఉండే తీగచుట్ట) రాగి కోసం ట్యూబు మెడ విరగ్గొట్టి మిగతాది చెత్తకుప్ప మీద పడేస్తారు, ఆ అద్దంలో సీసం ఉంటుంది. ఆడుకునేవాడికి ఇవ్వు.

గోదావరిఖని_800బై600:

నేను తీసుకుంటా అన్నా. వచ్చే శనివారం హన్మకొండలో పని ఉంది, కారులో వస్తా. వీజీఏ వైరు కూడా ఉంచండి, ఆ మందపాటి వైర్లు ఇప్పుడు దొరకట్లేదు.

నయీంనగర్_నైంటీస్:

తప్పకుండా, రండి, టీ తాగి వెళ్దురు. మామా, ఆఖరి డౌట్. నిన్న రాత్రి అందరూ పడుకున్నాక సౌండ్ మొత్తం మ్యూట్ చేసి, తలుపు వేసుకుని ఆడుతున్నా. రెండు నిమిషాలకి పక్క గదిలోంచి మా పాప "డాడీ, టీవీ పెట్టావు" అంది. ఎలా తెలిసిందంటే సన్నగా కూత వస్తోందట. నాకు వినపడలేదు, మా ఆవిడకీ వినపడలేదు. ఏదైనా పోయిందా?

ఎల్ఓటీ_మామ:

ఏమీ పోలేదు. ఆ 15,625 గీతల చప్పుడే అది, ఎల్ఓటీ లోపలి నుంచి వస్తుంది. పిల్లల చెవికి వినపడుతుంది, మన వయసుకి ఆ చెవి ఉండదు. నా షాపులో పదేళ్ల పిల్లగాడు ఒకడు ఉండేవాడు, మా పక్కింటాయన కొడుకు, బొమ్మ లేకున్నా ఏ సెట్టులో హారిజాంటల్ (ఆ అడ్డగీతలు గీసే భాగం) పనిచేస్తోందో చెవి పెట్టి చెప్పేవాడు, నాకు మీటరు పట్టే పని తప్పేది. బాగుచేసేది ఏం లేదు తమ్మీ, కొన్నేళ్లు పోతే మీ పాపకీ వినపడదు.

నయీంనగర్_నైంటీస్:

అంటే అప్పటిదాకా దొరికిపోతూనే ఉంటానన్నమాట. సరే, ఈ రాత్రికి తననీ కూర్చోబెట్టుకుంటా.